పట్టూ విడుపూ: విశ్రాంతి కూడా ఒక విద్యే

(పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి ఉత్సవాలలో శ్రమను కీర్తించడం ఆనవాయితీ. అది న్యాయమే. తెలంగాణ పల్లెల నుండి బతుకుతెరువు వెతుక్కుంటూ షోలాపూర్ చేరిన పద్మశాలి కుటుంబాలు మొదట చేనేత మగ్గాల మీద, పిదప నూలు మిల్లులలో, ఆ తరువాత మరమగ్గాల మీద రెక్కలు ముక్కలు చేసుకొని పనిచేశాయి. ఈ ఊరి దుప్పటికీ తువ్వాలుకూ దేశమంతటా వచ్చిన పేరులో ఆ చెమట ఉంది. మరాఠీ నేలపై తెలుగు పిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి డెబ్బై ఐదు సంవత్సరాలు నిలబడిందంటే అందులోనూ ఆ కష్టార్జితం ఉంది.

అయితే శ్రమను గురించి ఇన్ని సభలలో ఇంతగా చెప్పుకున్న సమాజం, దాని తోబుట్టువైన విశ్రాంతిని గురించి చెప్పుకున్నది చాలా తక్కువ. చెప్పుకోకపోగా, 'ఖాళీగా కూర్చున్నాడు' అన్న మాట తెలుగు ఇళ్ళలో ఒక తిట్టుగా స్థిరపడింది. ఉరుకులు పరుగులే ప్రయోజకత్వమని, తీరిక దొరికినవాడు పనికిమాలినవాడని పసివయసు నుండే పిల్లలు గ్రహిస్తున్నారు. ఆ భావన ఎక్కడిది, అది ఎంతవరకు నిజం, దానివల్ల బిడ్డలు పోగొట్టుకుంటున్నదేమిటి అన్న మూడు ప్రశ్నలే నేటి ప్రసంగ విషయం.

మొదట భాషనే అడిగి చూడవచ్చు. బడికి సంబంధించిన తెలుగు మాటలలో 'ఆటవిడుపు' ఎంతో అందమైనది. విడుపు అంటే పట్టు వదలడం. ఏ పనికైనా పట్టూ ఉండాలి, విడుపూ ఉండాలి అని తెలుగువారు అంటారు. మగ్గం మీద కూర్చున్నవారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. పడుగు బిగువుగా ఉంటేనే నాడె సాఫీగా పరుగెత్తుతుంది. పేక సరిగా కూర్చుంటుంది. కాని పని చాలించి మగ్గాన్ని చాలాసేపు విడిచి వెళ్ళేటప్పుడు తెలిసిన నేతగాడు పడుగు బిగువును కొంత సడలిస్తాడు. రాత్రింబవళ్ళు బిగబట్టి ఉంచిన దారం సత్తువ కోల్పోయి మరునాడు తెగుతుంది. సడలించడం సోమరితనం కాదు, నేత తెలిసిన తనం.

పూర్వుల జీవనంలో విశ్రాంతికి నియమబద్ధమైన స్థానం ఉండేది. వేదం చెప్పుకొనే విద్యార్థికి పాడ్యమి, అష్టమి, చతుర్దశి వంటి తిథులు అనధ్యయన దినాలు. అంటే చదువు ఎంత పవిత్రమైనదైనా, చదవకూడని రోజులను ఆ చదువే విధించింది. తెలుగునాట అనేక చేనేత పల్లెలలో అమావాస్యనాడు మగ్గం ఆపే ఆచారం ఉంది. మహారాష్ట్ర రైతు పోళా పండుగనాడు ఎద్దు మెడపై కాడి పెట్టడు. దానికి స్నానం చేయించి, కొమ్ములకు రంగులు పూసి, పూజించి, మేపుతాడు. నోరులేని పశువుకు సైతం ఒక రోజు విడుపు ఉండాలని గుర్తించిన నేల ఇది.

యంత్రం వచ్చిన తరువాత ఈ పద్ధతి మారిపోయింది. ఆవిరియంత్రానికి అమావాస్య తెలియదు. పందొమ్మిదవ శతాబ్దపు ముంబయి నూలు మిల్లులలో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా పని. 1881లో వచ్చిన మొట్టమొదటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్ళు నిండిన పిల్లలచేత రోజుకు తొమ్మిది గంటలు పని చేయించవచ్చునన్నది. నెలకు నాలుగు సెలవులు కూడా పిల్లలకే ఇచ్చింది. పెద్దలకు వారపు సెలవన్నదే లేదు.

ఈ స్థితిని ఎదిరించినవారు నారాయణ్ మేఘాజీ లోఖండే. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజంలో కార్యకర్త, 'దీనబంధు' పత్రికకు సంపాదకుడు. ఆ సత్యశోధక ఉద్యమానికి ముంబయిలో అండగా నిలిచినవారిలో కామాఠీపురా ప్రాంతపు తెలుగువారు ఉన్నారన్న సంగతి ఈ సభ గర్వంగా తలచుకోదగినది. లోఖండే 1884లో మిల్లు కార్మికుల సంఘాన్ని నెలకొల్పి, పరేలులో సభ జరిపి, సుమారు 5,500 మంది సంతకాలతో ఒక అర్జీ సిద్ధపరిచారు. ఆదివారం సెలవు కావాలి, మధ్యాహ్నం అరగంట విరామం కావాలి, ఉదయం ఆరున్నరకు ముందు పని మొదలుపెట్టరాదు, సూర్యాస్తమయం తరువాత సాగించరాదు, జీతం సకాలంలో ఇవ్వాలి అన్నవి అందులోని కోరికలు. ఆరు సంవత్సరాల పోరాటం తరువాత 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు. మరుసటి ఏడు, 1891లో, వారపు సెలవు చట్టంలోకి ఎక్కింది.

ఆపైన 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54 గంటలు, 1946లో 48 గంటలుగా పనివేళ తగ్గుతూ వచ్చింది. ఆ చివరి తగ్గింపునకు బాట వేసినవారు, వైస్రాయి కార్యవర్గంలో కార్మికశాఖను నిర్వహించిన డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్. మొదటి చట్టం నుండి 48 గంటల వారం దాకా నడవడానికి దేశానికి 65 సంవత్సరాలు పట్టింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 43వ అధికరణంలో కార్మికునికి జీవనానికి చాలిన వేతనంతో పాటు తీరికను సంపూర్ణంగా అనుభవించగల పరిస్థితులను కూడా కల్పించడానికి రాజ్యం కృషి చేయాలన్నది. జీతం పక్కన తీరికను నిలబెట్టిన వాక్యం అది. కనుక ఆదివారం ఎవరో దయతలచి ఇచ్చిన వరం కాదు, నూలు దూది పీల్చిన ఊపిరితిత్తులతో కార్మికులు సాధించుకున్న ఆస్తి.

ఆ ఆస్తి నేడు చేజారుతున్నది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకులలో ఒకరైన నారాయణమూర్తి, దేశాభివృద్ధి కోసం యువత వారానికి 70 గంటలు పనిచేయాలని అభిప్రాయపడ్డారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి సంస్థ అధిపతి సుబ్రహ్మణ్యన్ ఆదివారాలతో కలిపి 90 గంటలు పనిచేయాలన్న భావం వెలిబుచ్చగా దేశమంతటా చర్చ చెలరేగింది. 90 గంటలంటే ఏడు రోజులూ కలిపి రోజుకు దాదాపు 13 గంటలు. లోఖండే అర్జీ రాసిన నాటి మిల్లు పనివేళకు అది ఎంతో దూరం కాదు. దేశం మీద వారికున్న మమకారాన్ని శంకించనక్కరలేదు. కాని దేహానికి కూడా ఒక న్యాయం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అధ్యయనం ప్రకారం వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోల్చితే, పక్షవాతపు ప్రమాదం 35 శాతం ఎక్కువ. గుండెకు రక్తం అందక మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే దీర్ఘమైన పనివేళల కారణంగా ప్రపంచంలో సుమారు 7,45,000 మంది మరణించారని ఆ అధ్యయనం లెక్క కట్టింది.

ఈ మాటలు పెద్ద కంపెనీల అధిపతులకు మాత్రమే సంబంధించినవని షోలాపూర్ తెలుగు కుటుంబాలు అనుకోరాదు. ఇక్కడి ఇళ్ళలో ఉరుకులాట వేరొక దారిన ప్రవేశించింది. ఆ దారి పేరు పీసు రేటు. నేసిన దుప్పటికి ఇంత, చుట్టిన వెయ్యి బీడీలకు ఇంత అన్న లెక్క మీద మూడు నాలుగు తరాలు బతికాయి. నెల జీతగాడికి తీరిక తీరికే. పీసు రేటు మీద పనిచేసేవారికి మాత్రం తీరిక అంటే నష్టం. పది నిమిషాలు అరుగు మీద కూర్చుంటే ఒక కట్ట బీడీలు తగ్గాయని మనసు లెక్క వేస్తుంది. ఆ లెక్క క్రమంగా నరాలలో ఇంకిపోయింది. ఇల్లు కట్టుకున్నా, కొడుకుకు ఉద్యోగం వచ్చినా, లెక్క మాత్రం ఆగలేదు. నేడు అదే లెక్క బిడ్డల మార్కుల మీదికి మళ్ళింది. గంట ఆడుకుంటే రెండు మార్కులు పోయాయని తల్లి అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఆమె చేతులకు నేర్పిన గణితం అది. అయితే ఆ గణితం కూలికి పనికివచ్చినంతగా బిడ్డకు పనికిరాదని గ్రహించవలసిన సమయం వచ్చింది.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాటవేయకూడదు. లోఖండే సాధించిన ఆదివారం మిల్లు గేటు దాకా వచ్చింది, వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం రోజుకు తొమ్మిది గంటల పరిమితినీ వారపు సెలవునూ కార్ఖానా ఆవరణలో పనిచేసేవారికి నిర్ణయించింది. ఇంటి గుమ్మంలో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీకి ఏ గంటా మోగలేదు. రాత్రి ఆకు తడిపి ఉంచడం, తెల్లవారి వంట, ఆకు కత్తిరించడం, చుట్టడం, కట్టలు కట్టడం, వాటిని అప్పగించి రావడం, నాసిరకమని తీసివేసినవాటి నష్టం భరించడం, మళ్ళీ వంట. ఈ వరుసలో ఆదివారం ఎక్కడ? ఆ తల్లికి చేయూతగా బీడీ అంచులు మడిచే చేతులు చాలా ఇళ్ళలో ఆడపిల్లవే. అన్న మైదానంలో ఉంటాడు. చెల్లి చాట దగ్గర ఉంటుంది. సోమవారం తరగతిలో కళ్ళు మూతలు పడుతున్న బాలికను మందబుద్ధి అని అనుకునే ఉపాధ్యాయులు, ఆమె ఆదివారం ఎలా గడిచిందో ఒక్కసారి అడిగి చూడాలి.

'రెక్కాడితే గాని డొక్కాడని వారికి విశ్రాంతి బోధించడం పరిహాసం కాదా?' అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. చాలిన కూలి లేకుండా తీరిక లేదు. అందుకే రాజ్యాంగం ఆ రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పింది. కూలి పెంచడం ఈ సభ చేతిలో లేదు. కాని ఉన్న కొద్దిపాటి తీరికను ఇంట్లో పంచుకొనే తీరు ఇంటివారి చేతిలోనే ఉంది. నీళ్ళు పట్టడం, గిన్నెలు తోమడం, తమ్ముణ్ణి చూసుకోవడం కొడుకూ కూతురూ సమానంగా పంచుకున్న ఇంట్లో తల్లికి ఒక గంట మిగులుతుంది. ఆ గంటకు పైసా ఖర్చు లేదు. పేదరికం ఎంత ఉన్నా దానిని పంచడంలో అన్యాయం ఉండనక్కరలేదు.

ఇక విద్యార్థుల సంగతి. పదవ తరగతి చదివే ఒక బాలుని వారాన్ని లెక్క కట్టి చూడవచ్చు. బడిలో రోజుకు ఆరున్నర గంటలు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ట్యూషన్. రాత్రి రెండు గంటలు ఇంటిపని. ఆరు రోజులకు 75 గంటలు. ఆదివారం పరీక్ష పేరుతో మరో నాలుగు గంటలు కలిపితే 79. కార్మికునికి 48 గంటలు చాలునని 1946లో నిర్ణయించుకున్న దేశంలో పదిహేనేళ్ళ బిడ్డకు 79 గంటలు! కేంద్ర ప్రభుత్వం 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు జారీ చేస్తూ, పదహారేళ్ళు నిండనివారిని చేర్చుకోరాదని, రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు జరపరాదని, వారానికి ఒక సెలవు ఇవ్వాలని, సెలవు మరునాడు పరీక్ష పెట్టరాదని చెప్పవలసి వచ్చింది. వారపు సెలవు కావాలని మిల్లు కార్మికులు 1884లో చేసుకున్న విన్నపాన్ని 2024లో విద్యార్థుల తరపున ప్రభుత్వమే చెప్పవలసి రావడం విద్యారంగం తలదించుకోవలసిన విషయం.

నిద్ర చదువుకు శత్రువన్న అపోహ ఇంకా పోలేదు. పగలు నేర్చినదానిని మెదడు నిద్రలోనే కుదురుగా అమర్చుకుంటుందని శాస్త్రం చెబుతున్నది. ఆరు నుండి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు తొమ్మిది నుండి పన్నెండు గంటలు, పదమూడు నుండి పద్దెనిమిదేళ్ళ వారికి ఎనిమిది నుండి పది గంటలు నిద్ర అవసరమని అమెరికాలోని నిద్ర వైద్యుల సంస్థ 2016లో సూచించింది. చిన్నపిల్లల నిద్ర చెడుతున్నదన్న ఆలోచనతోనే మహారాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో నాలుగవ తరగతి వరకు బడులు ఉదయం తొమ్మిది గంటలకు ముందు మొదలుకారాదని ఉత్తర్వు ఇచ్చింది. రాత్రి పన్నెండు దాకా మేలుకొని చదివిన బిడ్డను చూసి మురిసిపోయే తల్లిదండ్రులు, ఆ చదివినది మరునాడు ఎంత మిగిలిందో కూడా పరీక్షించాలి.

పూణే, హైదరాబాదు, బెంగళూరు నగరాలలో ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులకు ఒక మాట. తాతలు మరమగ్గం మీద పన్నెండు గంటల పాళీ ముగించుకొని ఇంటికి వచ్చేవారు. అలసట ఎంతైనా ఉండవచ్చు, కాని మగ్గం వారి వెంట ఇంటికి రాలేదు. నేటి ఉద్యోగి కార్యాలయం అతని చొక్కా జేబులోనే ఉంటుంది. భోజనం దగ్గర, పసిబిడ్డ పక్కన, తీర్థయాత్రలో కూడా అది పిలుస్తూనే ఉంటుంది. తీరిక లేకపోవడాన్ని హోదాగా చెప్పుకొనే అలవాటు కూడా పెరిగింది. సెలవుకు ఊరికి వచ్చి ఫోనులోనే ఉండిపోయిన కొడుకు, తల్లి దృష్టిలో వచ్చినట్టా, రానట్టా?

అయితే విశ్రాంతి అంటే ఏమిటన్న స్పష్టత కూడా అవసరం. చేయవలసిన పనిని ఎగవేయడం విశ్రాంతి కాదు, అది సోమరితనం. గంటల తరబడి ఫోను తెర మీద వేలు జరుపుతూ ఉండడమూ విశ్రాంతి కాదు. కళ్ళకూ మనసుకూ అది మరో కూలి, కూలి డబ్బు లేని కూలి. లేచిన తరువాత మనిషి తేలికపడితే అది విశ్రాంతి. అది నిద్ర కావచ్చు, నడక కావచ్చు, ఆట కావచ్చు, పాట కావచ్చు, ఊరకే ఆకాశం వంక చూడడం కావచ్చు. ఇది వినడానికి తేలిక, ఆచరించడానికి కష్టం. ఒక ఖాళీ గంటను చేతికిస్తే ఏం చేయాలో తెలియక తల్లడిల్లే పిల్లలు నేడు ఎందరో ఉన్నారు. గుణకారం నేర్పినట్టే ఖాళీ గంటను గడపడం కూడా నేర్పవలసి ఉంటుంది. పెద్దలకు రానిది పిల్లలకు రాదు గనుక, పాఠం పెద్దల నుండే మొదలుకావాలి.

తెలుగు బడికి ఈ విషయంలో ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. షోలాపూర్‌లో సంత భాష మరాఠీ, ఆఫీసు భాష మరాఠీ, పెద్ద చదువుల భాష ఇంగ్లీషు. మరి తెలుగు బతుకుతున్నది ఎక్కడ? అరుగు మీద ముచ్చట్లలో, నాయనమ్మ కథలో, బతుకమ్మ చుట్టూ తిరిగే చప్పట్లలో, నారళీ పున్నమినాడు మార్కండేయ రథోత్సవం చూడబోయిన గుంపుల మాటలలో. అంటే ఈ ఊళ్ళో తెలుగు పనివేళల భాష కాదు, తీరిక వేళల భాష. తీరిక పోయిన ఇంట్లో ముందుగా మూగబోయేది తెలుగే. సాయంత్రాలన్నీ ట్యూషన్లకు అప్పగించి, 'పిల్లలకు తెలుగు రావడం లేదు' అని బడిని అడగడంలో న్యాయం లేదు. బడి అక్షరాలు నేర్పగలదు. మాటలను నేర్పేది ఇంటి తీరిక.

కనుక ఈ ఉత్సవ సందర్భంలో కొన్ని చిన్న నియమాలను పాఠశాల, కుటుంబాలు కలిసి ఆలోచించడం మంచిది. శనివారం ఇచ్చే ఇంటిపనిని ఉపాధ్యాయులు మానుకోవచ్చు; ఆటల పీరియడును లెక్కల పీరియడుగా మార్చే అలవాటును విడిచిపెట్టవచ్చు. తల్లిదండ్రులు వారంలో ఒక సాయంత్రమైనా ట్యూషన్ లేకుండా, తెర లేకుండా, బిడ్డలతో కూర్చోవచ్చు. రాత్రి పది దాటిన తరువాత పుస్తకం మూయించవచ్చు. ఆదివారం ఒక పూట వంటింటి పనిని తండ్రి, కొడుకులు చేపట్టి తల్లి చేత చాట దించించవచ్చు. పూర్వ విద్యార్థులు ఊరికి వచ్చినప్పుడు ఫోనును బీరువాలో పెట్టి పెద్దల పక్కన కూర్చోవచ్చు. వీటిలో దేనికీ విరాళాలు అవసరం లేదు. ఏ ఒక్కటి నిలిచినా అది శాశ్వతమైన కట్టడమే.

శ్రమను చిన్నచూపు చూడమని ఈ మాటల తాత్పర్యం కాదు. చెమట చుక్క విలువ తెలిసిన ఊరు ఇది. ఇకముందు కూడా పిల్లలు కష్టపడే చదవాలి, కష్టపడే పైకి రావాలి. అయితే పని మనిషి కోసం గాని మనిషి పని కోసం కాదన్న వివేకం కూడా వారికి ఈ బడిలోనే కలగాలి. 1890లో ఆదివారాన్ని సంపాదించిన కార్మికులలో చాలామందికి చదువు రాదు. ఆ ఆదివారాన్ని కాపాడుకోగలిగిన చదువును వారి మునిమనుమలకు అందించినప్పుడే విద్య సార్థకమవుతుంది. గట్టిగా పట్టడం, వేళకు విడవడం రెండూ తెలిసిన బిడ్డలు ఈ పాఠశాల నుండి తరతరాలుగా బయలుదేరాలని, వారి ఇళ్ళలో పనికి పనీ, తీరికకు తీరికా, రెండింటి నడుమ తెలుగు మాటా వర్ధిల్లాలని ఆకాంక్ష. శుభం భూయాత్.